రెండు నిమిషాల ఏడుపు

ఫిబ్రవరి 5, సోమవారం

కెలన్ ఈరోజు గంట మీటింగులో ముప్పై ఒక్కసార్లు "కథ" అన్నాడు. లెక్కపెట్టాను. నా చేతిలో ఉన్న కాఫీ వాడి మొహాన పడకుండా ఆపుకున్నందుకు లీగ్ నాకు ఏదైనా సన్మానం చెయ్యాలి.

రెండేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాడు. మూడో ఏటికల్లా చార్టర్ స్కూళ్ళ లీగ్‌కు డైరెక్టరైపోయాడు. వయసు ముప్పై నాలుగు. నేను ఇదే సెయింట్ లూయిస్‌లో ఇరవై ఆరేళ్ళు పేపర్లో విలేఖరిగా చేశాను. ఆ పేపరు మూతపడ్డాక వీళ్ళ దగ్గర చేరి, వారం వారం లీగ్ పత్రికలో పద్నాలుగు వేల మందికి శుభవార్తలు వండి వడ్డిస్తున్నాను. ఒక స్కూల్లో సైన్సు ప్రదర్శన, ఇంకో స్కూల్లో కూరగాయల మడి, మరో స్కూల్లో ఒక తల్లి ఆనందబాష్పాలు. మురిగిపోయిన వార్త ఒక్కటీ మా వంటింట్లోకి రాదు.

కొత్త నినాదం "మీ కథే మీ బలం" అట. స్కూళ్ళను ఉంచాలో మూయాలో తేల్చే సర్కారు కమిషన్ ముందు రెండు నిమిషాల్లో ఎలా మాట్లాడాలో తల్లిదండ్రులకు నేను నేర్పాలట.

"అంకెలు వద్దు వెర్నా. అంకెలు ఎవర్నీ కదిలించవు. మనసు కావాలి" అన్నాడు.

కమిషన్ చూసేది అంకెలే అని వాడికీ తెలుసు. మా చార్టర్ బేరమే అది. సర్కారు డబ్బిస్తుంది, పెత్తనం చెయ్యదు. బదులుగా అయిదేళ్ళకోసారి మార్కులు చూస్తుంది, తక్కువైతే తలుపుకు తాళం వేస్తుంది. ఈ బేరం ఎంత గొప్పదో చెబుతూ నేను రాసిన కరపత్రాలు పేరిస్తే నా మోకాలి దాకా వస్తాయి. మోకాలంటే గుర్తొచ్చింది, ఆపరేషన్ మే నెలలో. లీగ్ ఇన్సూరెన్సు మీదే.

ఫిబ్రవరి 8

రాజధాని యాత్ర. ఏడు బస్సులు, మూడువందల ఆకుపచ్చ టీషర్టులు, జెఫర్సన్ సిటీలో శాసనసభ మెట్ల మీద అరుపులు. శాసనసభ్యులు కిటికీలోంచి చూసి చెయ్యూపారు. ఒకాయన కిందికొచ్చి ఫొటో దిగి, "ఇంతకీ మీరు దేన్ని వ్యతిరేకిస్తున్నారు?" అని అడిగాడు. మేం సమర్థించడానికి వచ్చామని చెప్పాను. అయితే మరీ సంతోషం అన్నాడు.

తిరుగు ప్రయాణంలో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. ఒడెస్సా పర్నెల్. గ్రాండ్ అవెన్యూ సిటీ బస్సును ముప్పై ఒక్కేళ్ళు నడిపి రిటైరయింది. ఈ ఊళ్ళో ఎవరైనా మొదట అడిగేదే ఆవిడా అడిగింది.

"ఏ హైస్కూల్లో చదివావు తల్లీ?"

చెప్పాను.

"ఓహో, పెద్దింటి పిల్లవే" అని నవ్వింది. ఆ నవ్వును ఫొటో తీసుకున్నాను. మావాళ్ళకు ఇలాంటి మొహాలు కావాలి.

ఆవిడ మనవరాలు టమియా హార్పర్ లేన్ అకాడమీలో చదువుతోందట. తొమ్మిదేళ్ళు. పాత స్కూల్లో రెండేళ్ళు నోరు విప్పలేదట. హార్పర్ లేన్‌లో మిస్ ఆస్క్యూ అనే హెడ్‌మిస్ట్రెస్ ఆ పిల్లని రోజూ తన గదిలో కూర్చోబెట్టుకుని చదివించిందట. ఇప్పుడు దారిలో కనబడిన ప్రతి బోర్డూ పైకి చదువుతుందట.

"బస్సెక్కితే నా చెవులు చిల్లులు పడతాయనుకో. లాయర్ల బోర్డులు కూడా వదలదు" అంది ఒడెస్సా.

జెఫర్సన్ సిటీ నుంచి సెయింట్ లూయిస్ దాకా ఇదే సోది. రెండు గంటలు.

ఫిబ్రవరి 12, సోమవారం

హార్పర్ లేన్ అయిదేళ్ళ గడువు వచ్చే నెలతో అయిపోతుంది. మార్చి 19న కమిషన్ విచారణ. పాసైనవాళ్ళు నూటికి ముప్పై ఎనిమిది మంది. గీత నలభై రెండు.

కెలన్ తలుపు మూసి ఒక ఉత్తరం చూపించాడు. లీగ్ నుంచి కమిషన్‌కు. "నాణ్యతకు కట్టుబడిన సంస్థగా హార్పర్ లేన్ మూసివేతకు మేము అభ్యంతరం చెప్పబోము." భాష సరిచెయ్యమన్నాడు.

"మన సభ్యులే కదా. చందా కడుతున్నారు కదా" అన్నాను.

"అప్పుడప్పుడూ ఒకటి పోనిస్తేనే వెర్నా, మిగతావాటి గౌరవం నిలిచేది. మనం సొంతవాళ్ళనైనా వెనకేసుకు రామని శాసనసభకు తెలియాలి. విచారణ దాకా ఇది మనిద్దరి మధ్యే ఉండాలి."

"మరి వాళ్ళ తల్లిదండ్రులకు నేను శిక్షణ ఇవ్వాలా?"

"తప్పకుండా ఇవ్వండి. వాళ్ళ గొంతు వినబడాలి కదా."

వీడు నిజంగానే ఇందులో తప్పేమీ లేదనుకుంటున్నాడు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. నేను "మేము అభ్యంతరం చెప్పబోము" కొట్టేసి "మాకు అభ్యంతరం లేదు" అని మార్చాను. వాక్యం బాగుపడింది.

ఫిబ్రవరి 13

నేను ఉత్తరం రాయలేదు, భాష సరిచేశాను, అంతే.

ఫిబ్రవరి 20

హార్పర్ లేన్‌కు వెళ్ళాను. ఒకప్పటి ఫర్నిచర్ కొట్టు అది. గోడ మీద "పరుపులు" అన్న అక్షరాలు రంగు కింద ఇంకా కనిపిస్తాయి. లైబ్రరీలో పదకొండు మంది తల్లిదండ్రులు, ఒక పళ్ళెం నిండా వేయించిన చికెన్ రెక్కలు. శిక్షణ అనగానే ఎవరో ఒకరు వండుకొస్తారు. తింటే మొహమాటం, తినకపోతే పొగరంటారు. తిన్నాను.

నా పాఠం ఎప్పటిదే. పేరు చెప్పండి, పిల్ల పేరు చెప్పండి, ఒకే ఒక్క సంఘటన చెప్పండి, గొంతు వణికితే వణకనివ్వండి. రెండు నిమిషాలకు ఎర్రలైటు వెలుగుతుంది, ఆగిపోండి. అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. ఒకాయన, టైర్లు మార్చే అబ్బాయి, సాధన చేస్తుండగానే ఏడ్చాడు. బాగుంది, అక్కడ ఆ ఏడుపు అలాగే ఉంచండి అన్నాను.

ఒడెస్సా మాత్రం కాగితం తీసింది. నీలం పెన్నుతో రెండు వరసల అంకెలు. ముప్పై ఒక్కేళ్ళు ట్రిప్పు షీట్లు నింపిన చెయ్యి కదా, ఒక్క కొట్టివేత లేదు.

"ఇది చూడు మిస్ వెర్నా. మొన్న ఆగస్టులో ఆ పెద్ద చార్టర్ స్కూలుందే, తెరవడానికి వారం ముందు చేతులెత్తేసింది. ఆ పిల్లలు ఎక్కడికి పోతారు? సెప్టెంబరులో మా దగ్గరికొచ్చారు. మిస్ ఆస్క్యూ ఒక్కర్ని కూడా పొమ్మనలేదు. పరీక్ష రాసింది నూట నలభై రెండు మందా? అందులో నలభై నాలుగు మంది వాళ్ళు. వాళ్ళలో పాసైంది ఆరుగురు."

"ఊఁ."

"పాతపిల్లలు తొంభై ఎనిమిది మంది. అందులో పాసైంది నలభై ఎనిమిది. అంటే నూటికి నలభై తొమ్మిది! గీత నలభై రెండే కదా తల్లీ? మేం తప్పలేదు. ఇంకోడు దింపేసిన ప్యాసింజర్లని ఎక్కించుకున్నాం, మా బండి లేటయింది. ఇదే చెబుతాను."

చేతులెత్తేసిన ఆ స్కూలు కూడా లీగ్ సభ్యురాలే. దాని బోర్డు అధ్యక్షుడు మా బోర్డులోనూ ఉన్నాడు. సభ్య స్కూళ్ళు ఒకదాన్నొకటి బయట వేలెత్తి చూపకూడదని మాకొక నియమం. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది కదా.

"మిస్ ఒడెస్సా, రెండు నిమిషాల్లో ఇన్ని అంకెలు ఎవరి బుర్రకెక్కుతాయి? టమియా గురించి చెప్పండి. బోర్డులు చదవడం చెప్పండి" అన్నాను.

"అది ముద్దుగా ఉంటుంది కానీ, లెక్క ఇది కదా?"

నా పెన్ను తీసి ఆ రెండు వరసల మీదా ఒక గీత కొట్టాను. పక్కన "టమియా — లాయరు బోర్డు" అని రాశాను. ఆవిడ కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుంటూ, "సరేలే, చదువుకున్నదానివి, నీకే తెలియాలి" అంది.

పళ్ళాలు సర్దుతుంటే పక్కకొచ్చి నెమ్మదిగా అడిగింది. "ఒక్కమాట. ఎందుకైనా మంచిదని టమియా పేరు ఇంకో చోట కూడా రాయించనా? సీట్ల లాటరీ దరఖాస్తులకి ఇరవై ఏడు ఆఖరంటున్నారు."

ఇలాంటి ప్రశ్నకు మా దగ్గర తయారుగా ఒక జవాబుంటుంది. ప్రతి స్కూలుకూ అదే చెబుతాం. "మీరే వేరే చోటికి దరఖాస్తు పెడితే, తల్లిదండ్రులకే నమ్మకం లేదని కమిషన్ అంటుంది. అందరూ గట్టిగా నిలబడాలి" అన్నాను.

"అదీ నిజమే" అంది. తర్వాత మిగతావాళ్ళ వైపు తిరిగి, "విన్నారా, ఎవరూ గోడ దూకకండి!" అని గట్టిగా చెప్పింది.

ఫిబ్రవరి 21

అంకెలు విసుగ్గా ఉన్నాయి కనుకే తీసేశాను. పాతికేళ్ళ అనుభవం అది. ఏ ఎడిటరైనా అదే చేస్తాడు.

ఫిబ్రవరి 23

ఈ వారం పత్రికలో: ఒక స్కూలు కోళ్ళను పెంచుతోంది. కోళ్ళకు పేర్లు పెట్టారు.

ఫిబ్రవరి 27

సాయంత్రం అయిదుకు దరఖాస్తుల గడువు ముగిసింది. మధ్యాహ్నం చైనీస్ హోటల్లో ఎగ్ శాండ్‌విచ్ తిన్నాను. ఫోను బల్ల మీదే ఉంది. ఒడెస్సా నంబరు అందులో ఉంది. నాలుగున్నరకు కెలన్ వచ్చి కోళ్ళ వార్త అద్భుతం అన్నాడు.

ఎవరి పిల్లల సంగతి వాళ్ళు చూసుకోవాలి. పేపర్లు చదవరు, సమావేశాలకు రారు, వచ్చినా చికెన్ రెక్కల కోసం వస్తారు. ఎవరో ఒకరు చెప్పిందల్లా నమ్ముతారు. ఇలాంటి మనుషులకు ఎవరు ఏం చెయ్యగలరు?

చెప్పిన ఆ ఒకరూ నేనే. అది వేరే సంగతి.

మార్చి 19, మంగళవారం

విచారణ అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఒకప్పుడు అదే నా పని.

హాలు నిండా ఆకుపచ్చ టీషర్టులు. వేదిక మీద ఏడుగురు కమిషనర్లు. కెలన్ రాలేదు. "మనం కనబడకపోవడమే మంచిది" అని నన్ను పంపాడు. మూడో వరసలో కూర్చున్నాను.

మిస్ ఆస్క్యూ మొదట మాట్లాడింది. ఆవిడకూ మావాళ్ళు రాసిచ్చిందే. తర్వాత నా పదకొండు మంది. టైర్ల అబ్బాయి అనుకున్నచోటే ఏడ్చాడు. ఒక తల్లి తన పిల్ల గీసిన బొమ్మ చూపించింది. ఒడెస్సా వంతు ఎనిమిదోది. టోపీ పెట్టుకుని, చర్చికి వెళ్ళినట్టు తయారై వచ్చింది.

"నా మనవరాలు టమియా రెండేళ్ళు మాటాడలేదండీ. డాక్టర్లు ఏవేవో పేర్లు పెట్టారు. ఈ స్కూల్లో చేరిన నాలుగో నెల్లో, బస్సులో నా పక్కన కూర్చుని, 'నానమ్మా, యాక్సిడెంటయిందా, మాకు ఫోన్ చెయ్యండి' అంది. నాకు గుండాగిపోయింది. ఏ యాక్సిడెంటే అన్నాను. వేలు చూపించింది. లాయరు బోర్డు! పిల్ల చదివిందండీ."

హాలంతా నవ్వింది, తర్వాత ఏడ్చింది. ఎర్రలైటు వెలిగే క్షణానికి ఒడెస్సా సరిగ్గా ఆపింది. నేను నేర్పినవాళ్ళలో అంత బాగా మాట్లాడినవాళ్ళు లేరు. గర్వపడ్డాను కూడా. ఎందుకు దాచాలి?

అందరిదీ అయ్యాక ఫెన్విక్ అనే కమిషనర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఆవిడ వృత్తి ఆడిటింగ్.

"పదకొండు మంది మాట్లాడారు. పదకొండుసార్లూ నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. కానీ నేను కళ్ళనీళ్ళ మీద ఓటెయ్యలేనండి. నా ముందున్న కాగితంలో ముప్పై ఎనిమిది అనుంది. ఈ ముప్పై ఎనిమిది ఎందుకొచ్చిందో ఒక్కరూ చెప్పలేదు. ఏదైనా కారణం ఉంటే వింటాను. ఎవరైనా ఉన్నారా?"

నిజంగానే ఆగి చూసింది.

వేలెత్తి చూపకూడదన్న మా నియమం నోరు కట్టేసిన మిస్ ఆస్క్యూ తల దించుకుంది. ఒడెస్సా చేతిసంచి తెరిచింది. సగం లేచి, వెనక్కి తిరిగి నా కోసం వెతికింది. లేవనా అన్నట్టు కనుబొమ్మలెత్తింది.

నేను తల అడ్డంగా ఊపాను. కూర్చోమని చేత్తో సైగ చేశాను.

కూర్చుంది. సంచి మూసుకుంది.

ఆరుగురు మూసెయ్యాలన్నారు, ఒకరు వద్దన్నారు. వద్దన్నది ఫెన్విక్. కారణం తెలియకుండా తాళం వెయ్యలేనంది.

బయట మెట్ల మీద అందరూ నన్ను కావలించుకున్నారు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఒకసారి మాట్లాడినవాళ్ళు రెండోసారి మాట్లాడకూడదన్న నియమం ఉంది కనుక సైగ చేశాను. అలాంటి నియమం ఉందో లేదో నాకు తెలియదు.

మార్చి 20

చూశాను. లేదు.

మార్చి 25

ఒడెస్సా ఫోన్ చేసింది. అయిదు స్కూళ్ళకు తిరిగిందట. అన్నిచోట్లా ఒకటే మాట, గడువు దాటింది, వెయిటింగ్ జాబితాలో రాసుకుంటాం అని. ఒకచోట ఎనభై ఎనిమిది, ఒకచోట నూట నలభై, ఇంకోచోట రెండువందల ఆరు. మిగతా రెండిట్లో నంబరు కూడా చెప్పలేదట. ఇంటి పక్కనున్న సర్కారు స్కూలు మూతపడి నాలుగేళ్ళయింది. ఇప్పుడు చోటున్న సర్కారు స్కూలుకు రెండు బస్సులు మారి వెళ్ళాలి. అది టమియా నోరు విప్పని ఆ పాత స్కూలే.

"పిల్ల ఏమంటోంది?" అని అడిగాను.

"ఏమీ అనట్లేదు" అంది.

మళ్ళీ తనే, "ఏమీ అనట్లేదంటే, అసలు ఏమీ అనట్లేదు తల్లీ. నిన్న బస్సులో అరగంట కూర్చున్నాం. నేనే కావాలని కిటికీ సీటిచ్చాను. ఒక్క బోర్డు చదవలేదు" అంది.

ఫోనును ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఒకటి అడుగుతాను, మొహమాటపడకుండా చెప్పు. నేను నువ్వు చెప్పినట్టే చేశానా? ఎక్కడైనా తప్పు మాటాడానా? ఆ టోపీ ఏమన్నా ఎక్కువైందా?"

"లేదు మిస్ ఒడెస్సా. మీరు చాలా బాగా మాట్లాడారు."

"అయితే సరే" అని, నేను తీసుకున్న శ్రమకు థాంక్స్ చెప్పి పెట్టేసింది.

నేను మనిషినేనా?

మార్చి 29

ఇన్సూరెన్సు వాళ్ళు ఆపరేషన్‌కు ఒప్పుకున్నారు. మే 14.

ఏప్రిల్ 2

పొద్దున ఆఫీసులో బటర్ కేక్. కెలన్ అందరికీ తనే కోసి పెట్టాడు.

"ఫ్రెండ్స్! ఒక్క నెలలో సభ్య స్కూళ్ళ వెయిటింగ్ జాబితాల్లో వెయ్యీ అరవై నాలుగు పేర్లు పెరిగాయి. లీగ్ చరిత్రలో ఎప్పుడూ లేదు. చార్టర్ స్కూళ్ళ కోసం ఈ ఊరు ఎంత తపిస్తోందో చూడండి!"

చప్పట్లు కొట్టారు. నేను కేకు పక్కనపెట్టి కాగితం నాప్‌కిన్ మీద లెక్క వేశాను. హార్పర్ లేన్‌లో రెండువందల నలభై మంది పిల్లలు. ఎనిమిదో తరగతి పూర్తిచేసుకునేవాళ్ళు పోగా రెండువందల పద్దెనిమిది. ఒక్కొక్కరూ నాలుగైదు చోట్ల పేరు రాయించారు.

నాప్‌కిన్ పట్టుకుని వాడి గదిలోకి వెళ్ళాను.

"కెలన్, ఇది తపన కాదు. మనం రోడ్డున పడేసిన పిల్లలు. ఒక్కో పిల్లని అయిదుసార్లు లెక్కపెట్టాం."

నాప్‌కిన్ వంక చూశాడు. సిగ్గుపడతాడేమో అనుకున్నాను. నాదీ అమాయకత్వమే.

"అలా కూడా చూడొచ్చు. కానీ జాబితాలో పేరుంది కదా? పేరున్నప్పుడు అబద్ధం ఏముంది? శాసనసభలో మన స్కూళ్ళ బిల్లు గురువారం ఉంది. అంతకుముందే ఇది పత్రికలో వెళ్ళిపోవాలి. మంచి ఫొటో కావాలి వెర్నా, నిజమైన నానమ్మ మొహం. మీ దగ్గర ఉంటాయి కదా."

రాశాను. "చార్టర్ స్కూళ్ళకు కనీవినీ ఎరుగని ఆదరణ: ఒక్క నెలలో వెయ్యికి పైగా కుటుంబాల ఎదురుచూపు." కింద నాలుగు పేరాలు. పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. ఫొటోల్లో వెతికితే ఎక్కువసేపు పట్టలేదు. కెలన్ భుజం మీదుగా చూసి, "ఇది! ఇదే!" అన్నాడు. పేరు కూడా వెయ్యమన్నాడు, పేరుంటే నమ్మకం కలుగుతుందని. వేశాను.

వాడు దుర్మార్గుడని ఇన్నాళ్ళూ ఈ పుస్తకంలో పేజీలు నింపాను. వాడికి రాయడం రాదు. రాసినవన్నీ నేనే రాశాను.

ఏప్రిల్ 3

రేపు ఒడెస్సాకు చెబుతాను. ముందు చెప్పాలి. పత్రిక రాకముందే చెప్పాలి.

ఏప్రిల్ 4, గురువారం

పొద్దునంతా ఏదో పని తగిలింది. పని నేనే తగిలించుకున్నాను. సాయంత్రం నాలుగుంపావుకు ఫోన్ చేశాను.

"మిస్ ఒడెస్సా, మీ స్కూలుని మూసేస్తే అభ్యంతరం లేదని కమిషన్‌కు లీగే ఉత్తరం రాసింది. దాన్ని దిద్దింది నేను."

అవతల టీవీ శబ్దం. తర్వాత అది ఆగిపోయింది.

"ఎప్పుడు?"

"ఫిబ్రవరి పన్నెండున."

"నువ్వు మా లైబ్రరీకి వచ్చింది ఇరవైన."

"అవును."

"దరఖాస్తులకి ఇరవై ఏడు ఆఖరు. నేను నిన్ను అడిగాను."

"అడిగారు."

"అందర్నీ ఆగమని చెప్పింది నేను. నా నోటితో నేను చెప్పాను వాళ్ళకి." ఆవిడ గొంతు పైకి లేవలేదు. టైమ్‌టేబుల్ చదువుతున్నట్టు ఒక్కొక్కటే చదువుకుంటూ వచ్చింది. "మరి ఆ లెక్క? అది నిజంగా ఎవరి బుర్రకీ ఎక్కదా?"

"ఎక్కుతుంది. ఎక్కుతుందనే కొట్టేశాను. విచారణలో కూర్చోమన్నదీ అందుకే."

నన్ను తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది. అదీ నా కోసమే.

"నేను రోజూ అద్దం ముందు నిలబడి ఆ రెండు నిమిషాలూ మళ్ళీ మాటాడుకుంటున్నాను. సరిగ్గా ఏడవలేదేమోనని. ఇంకాస్త ఏడ్చుంటే పిల్లకి స్కూలు దక్కేదేమోనని" అంది.

"మిస్ ఒడెస్సా..."

"వద్దు. పిల్లకి ఆకలేస్తోంది, నే పోవాలి. ఒక్కటి మాత్రం విను. నా పేరు గానీ, నా మొహం గానీ, మీ పేపర్లో ఎక్కడా కనపడకూడదు. ఇంకెప్పుడూ. అర్థమైందా?"

"అర్థమైంది. వెయ్యను" అన్నాను.

ఫోను పెట్టేసింది. పత్రిక పొద్దున తొమ్మిదింటికే పద్నాలుగు వేల మందికి వెళ్ళిపోయింది. మొట్టమొదటి వార్తే ఆవిడది, నవ్వుతున్న ఫొటోతో.